కార్బురేటర్ స్పేసర్

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కూ దాని మీద కూర్చునే కార్బురేటర్‌కూ నడుమ బిగించే మందపాటి దిమ్మెను కార్బురేటర్ స్పేసర్ అంటారు. పావు అంగుళం మొదలుకొని 2 అంగుళాల దాకా వేర్వేరు మందాల్లో వస్తుంది. ఎక్కువగా వాడేవి అర అంగుళం, 1 అంగుళం, 2 అంగుళాలవి. అల్యూమినియం, ఫినాలిక్ రెసిన్, ప్లాస్టిక్, పొరలుగా అతికించిన చెక్క వీటి తయారీకి వాడే పదార్థాలు. ఇందులో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. అది గాలిని నెట్టదు, పెట్రోల్‌ను కొలవదు. అయినా తగిన ఇంజన్ మీద పడితే పికప్ మారుతుంది, పై వేగాల్లో కొంత శక్తి కలుస్తుంది, ఎండాకాలంలో వేడెక్కిన బండి మళ్లీ స్టార్టయ్యే తీరు బాగుపడుతుంది. తగని ఇంజన్ మీద పడితే ఉన్న శక్తి కూడా తగ్గుతుంది.

స్పేసర్ చేసే పనులు రెండు. కింద కాగుతున్న మానిఫోల్డ్ వేడి కార్బురేటర్‌లోకి పాకకుండా అడ్డుకోవడం మొదటిది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం కార్బురేటర్ దిగి సిలిండర్ల వైపు మలుపు తీసుకునే చోటును పెంచడం, దాని ఆకారాన్ని మార్చడం రెండోది. మొదటి పనికి స్పేసర్‌ను దేనితో చేశారన్నది ముఖ్యం. రెండో పనికి దాని మందం, రంధ్రాల ఆకారం ముఖ్యం. ఒక పనికి కొన్న స్పేసర్ నుంచి రెండో పని ఫలితాన్ని ఆశించడం వల్లే దీని మీద మెకానిక్కుల్లో ఇన్ని భిన్నాభిప్రాయాలు నిలిచిపోయాయి.

అమెరికన్ వీ8తో అనుబంధం

వేడి ఆపే దిమ్మెలు అన్ని దేశాల ఇంజన్లలోనూ ఉన్నాయి. స్పేసర్‌ను శక్తి రాబట్టే సాధనంగా మలచింది మాత్రం అమెరికన్ వీ8 ఇంజన్ల లోకం. షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 1955 మోడల్ కార్లతో బయటికి వచ్చింది. హోలీ 4150 అనే నాలుగు బ్యారెళ్ల (గాలి దిగే గొంతుల) కార్బురేటర్ 1957లో ఫోర్డ్ కార్లతో వచ్చింది. ఈ రకం ఇంజన్లలో రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలో మానిఫోల్డ్ ఉంటుంది, దాని నడినెత్తిన నాలుగు స్టడ్ల మీద కార్బురేటర్ నిటారుగా కూర్చుంటుంది. నాలుగు నట్లు విప్పి, కార్బురేటర్ ఎత్తి, మధ్యలో దిమ్మె పెట్టి, పొడవైన స్టడ్లతో మళ్లీ బిగిస్తే పని పూర్తవుతుంది. క్యామ్‌షాఫ్ట్ మార్చాలన్నా, సిలిండర్ హెడ్ పోర్టులు చెక్కాలన్నా రోజులు పడతాయి. స్పేసర్ మార్పు రేసుకూ రేసుకూ మధ్య విరామంలో అయిపోతుంది. స్పేసర్ అంతగా వాడుకలోకి రావడానికి ఈ సౌలభ్యమే పెద్ద కారణం.

బోల్టు రంధ్రాల కొలతలు కూడా ఈ ఇంజన్ల లోకంలోనే స్థిరపడ్డాయి. హోలీ 4150 తరహా కార్బురేటర్ల బోల్టుల మధ్య దూరం 5.16, 5.62 అంగుళాలు. 1960ల చివర స్టాక్ కార్ రేసుల కోసం వచ్చిన హోలీ డామినేటర్‌కు నాలుగు వైపులా 5.38 అంగుళాలు. జనరల్ మోటార్స్ 1965 నుంచి వాడిన రోచెస్టర్ క్వాడ్రాజెట్‌లో ముందు బ్యారెళ్లు 1.38 అంగుళాలు, వెనుకవి 2.25 అంగుళాలు. ఇలా రంధ్రాలు చిన్నా పెద్దా ఉన్న కార్బురేటర్‌ను అన్నీ సమానంగా ఉన్న మానిఫోల్డ్ మీద పెట్టాలంటే అడాప్టర్ కావాలి. ఆ అడాప్టర్ కూడా ఒక రకం స్పేసరే. లోపలి గోడలు మెట్లలా తెగి ఉన్న పలుచటి అడాప్టర్ చాలా ఇంజన్లలో ప్రవాహాన్ని చెడగొడుతుంది. కాబట్టి అడాప్టర్ తప్పనప్పుడు కాస్త మందంగా, గోడలు ఏటవాలుగా ఉన్నదాన్ని ఎంచుకోవడం మేలు.

వేడి సంగతి

పెట్రోల్ ఒకే ద్రవం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి 35, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ కార్బురేటర్ ఓ మోస్తరు చల్లగానే ఉంటుంది. లోపలికి వచ్చే గాలి, ఫ్లోట్ చాంబర్‌లోకి ఎప్పటికప్పుడు చేరే కొత్త పెట్రోల్, ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ పీల్చుకునే వేడి, ఈ మూడూ దాన్ని చల్లబరుస్తాయి. పెట్రోల్ మొత్తం కార్బురేటర్‌లోనే ఆవిరైతే మిశ్రమం ఉష్ణోగ్రత లెక్క ప్రకారం 20 డిగ్రీలకు పైగా పడిపోతుంది. ఇంజన్ ఆపగానే ఈ చల్లదనం ఆగిపోతుంది. 90 డిగ్రీల దగ్గర ఉన్న లోహమంతా తన వేడిని పైకి పంపుతుంది. పావుగంటలో ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోల్ బుడగలెత్తి నాజిల్ గుండా మానిఫోల్డ్‌లోకి పొర్లుతుంది. మళ్లీ తాళం తిప్పితే ఇంజన్ పెట్రోల్‌తో తడిసి ఉంటుంది, చాంబర్ సగం ఖాళీగా ఉంటుంది. వేడి మీద స్టార్టింగ్ ట్రబుల్‌కు ఇదే మూలం.

పాత అమెరికన్ వీ8ల్లో దీన్ని మరింత పెంచే ఏర్పాటు ఒకటి ఉంది. చలిదేశంలో ఇంజన్ త్వరగా వేడెక్కడానికి ఎగ్జాస్ట్ వాయువుల్లో కొంత భాగాన్ని కార్బురేటర్ కిందుగా, మానిఫోల్డ్ అడుగునున్న దారి గుండా పంపేవారు. జనవరిలో మిషిగన్‌లో అది వరం, ఆగస్టులో అరిజోనాలో శాపం. ఫోర్డ్ 1960లలో కొన్ని వీ8ల మీద హీటర్ గొట్టంలోని వేడినీళ్లు పారే స్పేసర్‌నే అమర్చింది. తేమ ఉన్న చలిగాలిలో కార్బురేటర్ గొంతులో మంచు పేరుకోకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. స్పేసర్ అంటే ఎప్పుడూ వేడిని ఆపేదే అనుకోకూడదని ఈ ఉదాహరణ చెబుతుంది.

వేడి ఆపడానికి ఫినాలిక్ మంచి పదార్థం. లియో బేక్‌లాండ్ 1907లో కనిపెట్టిన బేకలైట్ కుటుంబంలోనిదే ఈ పదార్థం. గుడ్డ లేదా కాగితం పొరలను రెసిన్‌లో తడిపి, వేడితో, ఒత్తిడితో పలకలుగా చేస్తారు. అల్యూమినియంతో పోలిస్తే ఇందులో వేడి పాకే వేగం కొన్ని వందల రెట్లు తక్కువ. అల్యూమినియం స్పేసర్ కార్బురేటర్‌ను కాస్త ఎత్తున ఉంచుతుందే తప్ప వేడిని దాదాపు యథాతథంగా పైకి దాటిస్తుంది. చెక్క, ప్లాస్టిక్ కూడా వేడిని బాగానే ఆపుతాయి. అయితే చవక ప్లాస్టిక్ ఏళ్ల తరబడి వేడికి వంకర తిరగొచ్చు. వంకర తిరిగిన స్పేసర్ గాలి లాగుతుంది.

వేడి ఆపినంత మాత్రాన శక్తి పెరుగుతుందని ప్రచారం చేసేవారున్నారు. మూడు డిగ్రీలు చల్లబడితే గాలి సాంద్రత సుమారు ఒక శాతం పెరుగుతుందన్నది నిజమే. అయితే ఫుల్ థ్రాటిల్‌లో గాలి కార్బురేటర్ దాటడానికి పట్టేది సెకనులో అతి చిన్న భాగం. దానికి అంటుకునే వేడిలో పెద్ద వాటా కింద మానిఫోల్డ్ నేల, రన్నర్లు (సిలిండర్లకు వెళ్లే గొట్టాలు), పోర్టుల గోడల నుంచి వస్తుంది. వాటిని స్పేసర్ చల్లబరచలేదు. ఫినాలిక్ స్పేసర్ అసలైన మేలు ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోల్‌ను మరగకుండా చూడటంలో ఉంది. పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం మొదలయ్యాక ఆ మేలు విలువ పెరిగింది. 10 శాతం ఇథనాల్ కలిపితే పెట్రోల్ ఆవిరి పీడనం సుమారు 7 కిలోపాస్కల్స్ పెరుగుతుంది, అంటే బుడగలు ఇంకా ముందే లేస్తాయి.

ఈ భాగం తెలుగునాట మెకానిక్కులకు కొత్తది కాదు. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌లో కార్బురేటర్‌కూ హెడ్‌కూ మధ్య ఉండే ఫైబర్ దిమ్మె, పాత 100 సీసీ ఫోర్ స్ట్రోక్ బైకుల్లో రబ్బరు రింగుతో వచ్చే నల్లటి ఇన్సులేటర్ ఆ పనే చేస్తాయి. అంబాసిడర్ కార్ల రోజుల్లో మే నెల మధ్యాహ్నం పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ చుట్టిన డ్రైవర్లు పోరాడింది కూడా ఈ మరుగుతున్న పెట్రోల్‌తోనే. ఇక్కడి బైకుల్లో ఆ దిమ్మెను శక్తి కోసం మార్చడం అరుదు. ఒకే సిలిండర్, ఒకే గొట్టం ఉన్న ఇంజన్‌లో నాలుగు బ్యారెళ్ల కింద ఉండే ప్లీనం అనే గది సమస్య లేకపోవడమే అందుకు కారణం.

ప్లీనంలో ఏం జరుగుతుంది

కార్బురేటర్ కింద, రన్నర్లు విడిపోయే ముందు ఉండే గదిని ప్లీనం అంటారు. స్పేసర్ కథలో అసలు రంగస్థలం ఇదే.

డ్యుయల్ ప్లేన్ మానిఫోల్డ్‌లో ప్లీనం మధ్యలో గోడ ఉంటుంది. కార్బురేటర్ ఎడమ సగం నాలుగు సిలిండర్లకు, కుడి సగం మిగతా నాలుగింటికి మిశ్రమం ఇస్తాయి. ఒక్కో సగం మీద క్రాంక్ 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ లాగుతుంది. లాగుళ్లు ఎడంగా, ఒక్కోటీ బలంగా ఉంటాయి. కాబట్టి కార్బురేటర్ ఇరుకు గొంతు (వెంచురీ)లో పెట్రోల్ వదిలే బూస్టర్‌కు గట్టి పిలుపు అందుతుంది, తక్కువ వేగంలోనూ పెట్రోల్ చక్కగా చీలుతుంది. సింగిల్ ప్లేన్‌లో గోడ లేదు. ఎనిమిది రన్నర్లూ ఒకే గదిలోకి తెరుచుకుంటాయి, 90 డిగ్రీలకొక లాగుడు. ప్రతి సిలిండర్‌కూ నాలుగు బ్యారెళ్లూ అందుబాటులో ఉంటాయి గనుక పై వేగాల్లో గాలికి కొదువ ఉండదు. లాగుడు నాలుగింటి మధ్య పంచుకుపోతుంది గనుక కింది వేగాల్లో పిలుపు బలహీనం. ఎడెల్‌బ్రాక్ సంస్థ తన డ్యుయల్ ప్లేన్ పెర్ఫార్మర్ ఆర్‌పీఎమ్‌ను 1500 నుంచి 6500 ఆర్‌పీఎమ్ దాకా, సింగిల్ ప్లేన్ విక్టర్ జూనియర్‌ను 3500 నుంచి 8000 దాకా అని అమ్మడం వెనుక ఉన్నది ఈ తేడానే.

ఇక మలుపు సంగతి. మిశ్రమం కార్బురేటర్ నుంచి నిటారుగా దిగుతుంది, ప్లీనంలో దాదాపు సమకోణంలో పక్కకు తిరగాలి. గాలి తేలిక, తిరుగుతుంది. పెట్రోల్ తుంపరలు బరువు, నేరుగా పోయి నేలను కొడతాయి. కొట్టిన పెట్రోల్ పొరగా పరుచుకుని ఏ సిలిండర్ దగ్గరుంటే అందులోకి పాకుతుంది. ఒక సిలిండర్‌కు పెట్రోల్ ఎక్కువ, మరొకదానికి తక్కువ. పైగా షెవర్లే పేలుడు వరుస 1-8-4-3-6-5-7-2. ఇందులో 5, 7 సిలిండర్లు పక్కపక్కనే ఉండి ఒకదాని వెంట ఒకటి లాగుతాయి, ఒకే మూల నుంచి మిశ్రమం కోసం పోటీపడతాయి. కార్బురేటర్‌ను ఒక అంగుళం పైకి లేపితే తుంపరలకు మలుపు తీసుకునేందుకు కాస్త దూరం, కాస్త సమయం దొరుకుతాయి. పంపిణీ సమం కావడం వల్ల వచ్చే శక్తి అంకెల్లో చిన్నదే కావచ్చు. కానీ ఎనిమిది ప్లగ్గులూ ఒకే రంగులో బయటికి రావడం ఇంజన్ కట్టేవాడికి అంతకంటే విలువైన ఫలితం.

ప్లీనంలో జరిగే మూడో సంగతి వెనక్కి తన్నే అలలు. పెద్ద క్యామ్‌షాఫ్ట్ ఉన్న ఇంజన్లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఎక్కువసేపు తెరిచి ఉంటాయి. కొన్ని వేగాల్లో మిశ్రమం వెనక్కి వచ్చి, కార్బురేటర్ పైన పొగమంచులా నిలబడుతుంది. బూస్టర్ దాటి పైకి పోయిన గాలి పెట్రోల్ తీసుకుంటుంది, మళ్లీ కిందికి వస్తూ మరోసారి తీసుకుంటుంది. ఆ వేగంలో మిశ్రమం హఠాత్తుగా చిక్కబడి ఇంజన్ ముక్కుతుంది. ప్లీనం పెద్దదైతే ఆ అల కార్బురేటర్ చేరేలోగా కొంత చచ్చిపోతుంది.

ఎంత పెద్దది అన్నది లెక్కేసి చూడొచ్చు. లోపల ఓపెన్‌గా, నాలుగు అంగుళాల చదరపు నోరు ఉన్న 1 అంగుళం స్పేసర్ 16 ఘన అంగుళాల చోటు కలుపుతుంది. 350 ఘన అంగుళాల వీ8లో ఒక సిలిండర్ పరిమాణం 43.75 ఘన అంగుళాలు. అంటే ఒక్క అంగుళంతో సిలిండర్లో మూడో వంతుకు మించి గది పెరిగింది. ఇది చిన్న మార్పు కాదు.

ఆకారాలు

లోపలి ఆకారాన్ని బట్టి స్పేసర్లు ప్రధానంగా రెండు. నాలుగు రంధ్రాల స్పేసర్ ఒక్కో బ్యారెల్‌ను విడిగా పొడిగిస్తుంది. ప్రవాహం వేగం, నిటారు దిశ చెదరవు. 1.69 అంగుళాల రంధ్రాలుంటే అంగుళం మందానికి కలిసే చోటు దాదాపు 9 ఘన అంగుళాలే. పికప్, మధ్య వేగాల్లో లాగుడు కావాలనుకునేవారు దీన్ని ముందు పరీక్షిస్తారు. ఓపెన్ స్పేసర్ మధ్యలో ఏమీ లేని చట్రం. దీనితో ప్లీనం పూర్తిగా పెరుగుతుంది, లాభం సాధారణంగా పై వేగాల్లో కనిపిస్తుంది, పికప్ కాస్త మందగించవచ్చు. రెంటినీ కలిపిన కాంబినేషన్ స్పేసర్‌లో పైన నాలుగు రంధ్రాలుంటాయి, అవి కిందికి వచ్చేకొద్దీ విచ్చుకుని ఒకటవుతాయి.

డ్యుయల్ ప్లేన్ మీద ఓపెన్ స్పేసర్ పెట్టినప్పుడు జరిగేది ప్రత్యేకం. మధ్య గోడ మీద ఖాళీ ఏర్పడి రెండు సగాలూ పైన కలిసిపోతాయి, ఒక్కో సిలిండర్‌కు రెండు బ్యారెళ్లకు బదులు నాలుగూ అందుతాయి. మానిఫోల్డ్ కొంత సింగిల్ ప్లేన్ గుణం తెచ్చుకుంటుంది. కార్బురేటర్ చిన్నదైన ఇంజన్‌కు ఇది బాగా పనిచేస్తుంది. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లివచ్చే బండికి ఇది అవసరం లేదు. అక్కడ వాడే వేగాల్లో పోయేదే ఎక్కువ.

రంధ్రాల గోడల మీద మరమేకులా గీతలు చెక్కి గాలిని సుడి తిప్పుతామనే స్పేసర్లూ అమ్ముతారు. సుడి ప్లీనంలో అడుగుపెట్టి మలుపు తిరిగేసరికి ఎంతో మిగలదు. ఆ గీతలు చేసే మేలు కంటే మందం చేసే మేలే ఎక్కువని భావించడం సబబు.

రేసుల్లో స్పేసర్, నియంత్రణ సాధనంగా

స్పేసర్ శక్తిని పెంచగలదని తెలిసిన చోట నిబంధనలూ పుట్టాయి. 500 సీఎఫ్‌ఎం రెండు బ్యారెళ్ల హోలీ 4412 వాడాల్సిన స్థానిక ఓవల్ ట్రాక్ తరగతుల్లో స్పేసర్ మందానికి పరిమితి పెట్టడం సాధారణం. దిమ్మెను అధికారులు కొలిచి చూస్తారు.

అదే చోటును శక్తి తగ్గించడానికి వాడింది అమెరికా స్టాక్ కార్ రేసుల సంస్థ నాస్కార్. 1987లో టాలడేగా ట్రాక్ మీద బిల్ ఇలియట్ గంటకు 212.809 మైళ్ల వేగంతో క్వాలిఫై అయ్యాడు. ఆ వారాంతపు రేసులోనే బాబీ ఆలిసన్ కారు టైరు పేలి, గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. ఆ తర్వాతి సంవత్సరం నుంచి డేటోనా, టాలడేగాల్లో కార్బురేటర్ కింద రెస్ట్రిక్టర్ ప్లేటు తప్పనిసరి చేశారు. నాలుగు చిన్న రంధ్రాలున్న పలుచటి పలక అది, బ్యారెల్ ఎంత పెద్దదైనా గాలి ఆ రంధ్రం మేరకే దిగాలి. పలుచటి అంచు దగ్గర ప్రవాహం చీలి సుడులు పుడతాయి, కింద మిశ్రమం పంపిణీ చెడుతుంది. 2012లో నాస్కార్ ప్రధాన పోటీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారింది. 2019 డేటోనా 500తో ప్లేట్ల కాలం ముగిసి, ఏటవాలు గోడల మందపాటి టేపర్డ్ స్పేసర్ వచ్చింది. గాలిని అది మెల్లగా ఇరుకు చేస్తుంది గనుక సుడులు తక్కువ. ఆ సీజన్లో వేర్వేరు ట్రాకులకు వేర్వేరు రంధ్రాల స్పేసర్లతో ఇంజన్ శక్తిని 550, 750 హార్స్‌పవర్ల దగ్గర నిలిపారు.

బిగింపు

పని సులువైనా నిర్లక్ష్యానికి చోటు లేదు. మొదట బానెట్ ఎత్తు చూడాలి. ఎయిర్ క్లీనర్ మీద మెత్తటి బంకమట్టి ముద్ద పెట్టి బానెట్ నెమ్మదిగా మూసి తెరిస్తే మిగిలిన ఖాళీ ఎంతో ఆ ముద్ద చెబుతుంది. స్పేసర్‌కు కిందా పైనా రెండు ప్యాకింగులు కావాలి. కొత్త స్టడ్లు అల్యూమినియం మానిఫోల్డ్ మరల్లో తగినంత లోతుకు దిగాలి. నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా 7 నుంచి 9 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే చాలు. అతిగా బిగిస్తే కార్బురేటర్ అడుగు పలక వంగుతుంది లేదా చెవి విరుగుతుంది. బిగించాక థ్రాటిల్‌ను చేత్తో చివరి దాకా తెరిచి, రేకులు స్పేసర్ అంచుకు రాసుకోకుండా ఉన్నాయో లేదో చూడటం ప్రాణానికి సంబంధించిన విషయం. తెరుచుకున్న థ్రాటిల్ ఇరుక్కుంటే బండి ఆగదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న కార్లలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. జనరల్ మోటార్స్ 700ఆర్4 వంటి గేర్‌బాక్సుల్లో కార్బురేటర్ నుంచి వెళ్లే కేబుల్ లోపలి నూనె ఒత్తిడిని నిర్ణయిస్తుంది. కార్బురేటర్ అంగుళం లేస్తే కేబుల్ లాగే కోణం, పొడవు మారతాయి. సరిచేయకుండా నడిపితే ఒత్తిడి చాలక క్లచ్ పలకలు కాలిపోతాయి. చవకైన దిమ్మె కోసం గేర్‌బాక్సు పోగొట్టుకునే దారి ఇది.

ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉండి మిస్సింగ్ వస్తుంటే అతుకుల్లో గాలి లాగుతోందేమోనని అనుమానించాలి. పెట్రోల్ కొలిచే జెట్లను పెద్దవి వేసి సర్దుకునే ముందు ప్యాకింగ్ చూడాలి.

ట్యూనింగ్, పరీక్ష

స్పేసర్ పెట్టి జెట్లు ముట్టుకోకుండా ఫలితం తేల్చడం సరికాదు. ప్లీనం పెరిగితే బూస్టర్ పిలుపు తగ్గుతుంది, వెనుక అలలు తగ్గడం వల్ల అదనంగా చేరే పెట్రోల్ కూడా పోతుంది. రెండు విధాలా మిశ్రమం పలచబడుతుంది. అందుకే ఓపెన్ స్పేసర్ తర్వాత జెట్లు ఒకటి రెండు సైజులు పెంచాల్సి రావడం మామూలే, యాక్సిలరేటర్ పంపు నాజిల్ కూడా సరిచూడాలి. ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి ఫుల్ థ్రాటిల్‌లో గాలి, పెట్రోల్ నిష్పత్తిని 12.5 నుంచి 13 మధ్యకు తేవడం ఇప్పటి పద్ధతి. ఒక్క సెన్సర్ అన్ని సిలిండర్ల సగటు మాత్రమే చెబుతుంది, పంపిణీ తేడా చూడాలంటే ప్లగ్గులు విప్పి చూడాల్సిందే.

డైనమోమీటర్ మీద పరీక్ష అంటే ఒక రన్ ముందు, ఒక రన్ తర్వాత కాదు. స్పేసర్ లేకుండా, ఉంచి, మళ్లీ తీసేసి, మూడుసార్లు ఒకే నూనె, నీటి ఉష్ణోగ్రతల దగ్గర నడపాలి. చివరి రన్ మొదటిదానితో కలిస్తేనే మధ్య రన్‌ను నమ్మాలి. వచ్చే తేడా తరచుగా కొన్ని హార్స్‌పవర్లే గనుక, ఇంజన్ పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కినా ఆ తేడాను మింగేయగలదు. గరిష్ఠ శక్తి ఒక్కటే కాక వంపు మొత్తాన్ని చూడాలి. 6500 దగ్గర ఐదు హార్స్‌పవర్లు తెచ్చి 3000 దగ్గర పది తీసుకుపోయే స్పేసర్ డ్రాగ్ రేసుకు తగినది, ఊళ్లో తిరిగే బండికి తగదు.

ఫలితాలను కలిపి చదివితే స్పేసర్ మానిఫోల్డ్ లోపాన్ని చూపే పరికరంగా పనికొస్తుంది. ఓపెన్ స్పేసర్‌తో బాగుపడిన ఇంజన్‌కు ప్లీనం చిన్నదని, నాలుగు రంధ్రాలతో బాగుపడినదానికి దిగివచ్చే ప్రవాహం చెదురుతోందని, ఏదీ తేడా తేకపోతే కార్బురేటర్, మానిఫోల్డ్ అప్పటికే పొత్తు కుదిరి ఉన్నాయని తెలుస్తుంది. 2 అంగుళాల దిమ్మె కూడా ఇంకా లాభం చూపిస్తుంటే అనుభవజ్ఞులు దాని మీద మరో దిమ్మె పేర్చరు, ఎత్తైన ప్లీనం ఉన్న మానిఫోల్డ్ తెప్పించి, స్పేసర్ లేకుండా మళ్లీ మొదటి రన్ నుంచి పరీక్ష మొదలుపెడతారు.